రాయి ఉన్నచోటే గొట్టం

మొగలిలంకలో భూమి కింద పోయే గ్యాసు గొట్టం ఒక వరద తర్వాత దారి మళ్లి నూకరత్నం పెరట్లోకి వచ్చింది. ఈ సంగతి గొట్టానికి తెలియదు. నూకరత్నానికీ తెలియదు. గొట్టాల భద్రతా పర్యవేక్షణ శాఖకు ఒక్కదానికే తెలుసు.

అసలు జరిగిందేమిటంటే, గొట్టం పూడ్చిన రోజుల్లో అది ఏ దారిన పోతోందో పదిమందికీ తెలియాలని పైన అక్కడక్కడ సిమెంటు రాళ్లు పాతారు. మనిషి నడుమెత్తు రాళ్లు. పసుప్పచ్చ రంగు, దాని మీద ఎర్ర అక్షరాలు. కాలవగట్టు మీద పాతిన రాయి ఒకటి, వరదకు గట్టు జారినప్పుడు ఊడి బురదలో పడింది. నీరు తీసిన మర్నాడు నూకరత్నమూ, ఆమె తోడికోడలు మాచరమ్మా గడ్డి కోసుకొస్తూ దాన్ని చూశారు.

“ఎంత నున్నగా ఉందో చూడక్కా,” అంది మాచరమ్మ. “మన బోరు దగ్గర బట్టలుతకడానికి ఇంతకంటే ఏం కావాలి.”

“దాని మీద ఏదో రాసుందే.”

“రాత్తే రాశారు. బట్టలకేమన్నా చదువొచ్చేత్తాదా ఏంటి.”

దున్నపోతుకు మోకు కట్టి ఇద్దరూ ఆ రాయిని ఇంటికి ఈడ్పించుకొచ్చారు. బోరు పక్కన ఒక కొస నేలలోకి దించి ఏటవాలుగా నిలబెట్టారు. గొట్టం వెంట ఉన్న మిగతా రాళ్లు నాచు పట్టి, మేకలు ఒళ్లు రాచుకుని, అక్షరాలు అలుక్కుపోయి, ఏది రాయో ఏది పుట్టో తెలియకుండా ఉండేవి. ఈ ఒక్క రాయి మాత్రం రోజూ సబ్బు నురగతో స్నానం చేసి, కొత్త పెళ్లికొడుకులా తళతళలాడుతూ ఉండేది.

ఆ బోరుకు నాలుగడుగుల అవతల తాటాకు పాక ఉంది. నూకరత్నం పూతరేకులు తీసేది అందులోనే. బోర్లించిన కుండ, దాని కింద ఎండు కొబ్బరాకుల మంట. పలచటి బియ్యపు పాలలో గుడ్డ ముంచి, కాగిన కుండ మీద ఇలా వేసి అలా లాగితే, ఉల్లిపొర కంటే పలచగా రేకు లేస్తుంది. మాచరమ్మ అందులో నెయ్యి రాసి, బెల్లప్పొడి జల్లి చుడుతుంది. కాపురానికి వచ్చిన కొత్తలో నూకరత్నం ఒక వ్యాపారి పాకలో కూలికి కూర్చుంది. ఆయన కుండ, ఆయన మంట. దాహం వేసినా గుమాస్తా వంక చూసి లేవాలి. అలా చాలాకాలం చేసి, చివరికి సొంత కుండ పెట్టుకుంది. “నేను వెలిగిత్తే వెలగాలి, నేను ఆర్పితే ఆరాలి. పొయ్యంటే అదీ,” అనేది.

ఇక చిన్నబ్బులు. లైను నడిచే ఉద్యోగం అతనిది. గొట్టం దారి వెంట రాయి నుంచి రాయికి నడుస్తూ, ఎవరైనా తవ్వుతున్నారా, మంట పెడుతున్నారా అని చూసి రావాలి. అతనిదీ మొగలిలంకే కాబట్టి ఊడిపోయిన రాయి ఎక్కడుందో తెలుసు. అప్పుడప్పుడు తన లుంగీ కూడా దాని మీదే ఉతుక్కునేవాడు. నడకలో మాత్రం కాలవగట్టు మీద రాయి ఉండాల్సినచోట ఒక్క క్షణం నిలబడి, ఉన్నట్టే అనుకుని ముందుకు పోయేవాడు. శాఖ అతని చేతికి యంత్రం ఇచ్చేదాకా ఆ ఏర్పాటు చక్కగానే సాగింది.

ఆ యంత్రం ఆకాశంలో ఉపగ్రహంతో మాట్లాడుతుందట. ప్రతి రాయి పక్కనా నిలబడి మీట నొక్కాలి. ఒక్క రాయి తప్పినా జీతం ఆగుతుంది. రాయి పక్కన అన్నారు గనక చిన్నబ్బులు నూకరత్నం పెరట్లోకి వచ్చి, ఆరేసిన చీర పక్కకు తప్పించి, మీట నొక్కాడు. పట్నంలోని ఆఫీసులో గోడంత తెర మీద, కాలవ వెంట తిన్నగా పోతున్న ఎర్రగీత ఒక్కసారి మోచేయిలా వంగింది. ఊళ్లోకి వచ్చి, నూకరత్నం బోరును తాకి, మళ్లీ గట్టు మీదకు పోయింది.

ఆ వంపు చూసి శాఖ ఆశ్చర్యపోలేదు. ఇన్నాళ్లూ తనతో ఒక్క మాట చెప్పకుండా ఒక పల్లె గొట్టం మీద కాపురం చేస్తోందని కోపం తెచ్చుకుంది.

మరో వారానికి ప్రాంతీయ భద్రతాధికారి పరాంకుశం గారు, చిన్నబ్బులును వెంటబెట్టుకుని, జీపు దిగారు. కొబ్బరితోట నీడలో కూడా నెత్తిన టోపీ, ఒంటి మీద మెరిసే చొక్కా. ఆయన లంచం తీసుకోడు, అబద్ధం ఆడడు, ఎవరినీ పరుషంగా ఒక్క మాట అనడు. ఆయనతో చిక్కల్లా, కాగితం మీద ఉన్నది తప్ప కంటి ముందు ఉన్నది నమ్మడు.

“కూచోండి బాబుగారూ, మజ్జిగ తెత్తాను,” అంది నూకరత్నం.

“నిషిద్ధ మండలంలో ఆసీనులు కాకూడదమ్మా,” అన్నాడాయన నిలబడే. “ఇది అధిక పీడన సహజవాయు గొట్టపు మార్గం. ఇరువైపులా ముప్పై మీటర్ల లోపల నగ్నజ్వాలకు నిషేధం ఉంది.”

“ఏంటంటున్నారు?” అని ఆమె చిన్నబ్బులు వంక చూసింది.

“మంట పెట్టకూడదంటన్నారు పిన్నీ.”

“గొట్టం ఇక్కడ లేదండి. కాలవగట్టు కిందుంది. పూడ్చేటప్పుడు ఊరంతా చూశాం. ఆ కూలోళ్లకి మంచినీళ్లు మోసింది నేనేనండి.”

“రాయి ఎక్కడుందమ్మా?”

“ఇక్కడుందండి.”

“రాయి దేనికి గుర్తు?”

“గొట్టానికండి.”

“మరి?” అన్నాడు పరాంకుశం, లెక్క తేలిపోయినట్టు.

“రాయి మేమే తెచ్చుకున్నామండి. వరదకి గట్టు జారి...”

“ఆ మాట నేను వినలేదు. వింటే రాయాలి. రాస్తే రాయి కదిపిన నేరానికి మిమ్మల్ని జైలుకు పంపాలి. శాఖ రాయి కదలదమ్మా. కదిలే రాయిని శాఖ పాతదు.”

“పోనీ ఇప్పుడే పట్టుకెళ్లి ఎక్కడిదక్కడ పెట్టేత్తామండి.”

“అడుగున గొట్టం ఉండగా పైన రాయి తీసేస్తే, గొట్టానికి దిక్కెవరు?”

“అడుగున గొట్టం లేదండి బాబూ. గునపం ఇత్తాను, తవ్వి చూడండి.”

పరాంకుశం రెండడుగులు వెనక్కి వేశాడు. “గొట్టం మీద తవ్వకూడదు.”

“లేదని చూడ్డానికేనండి.”

“లేదని తేలాక తవ్వొచ్చు. తేలేదాకా తవ్వకూడదు.”

“తవ్వకుండా ఎలా తేలుద్దండి?”

“రాయిని చూసి,” అన్నాడాయన ఎంతో ఓపికగా.

పొయ్యికి సీలు వేయాలన్నారు. సీలు వేయాలంటే లక్క కరగాలి. లక్క కరగాలంటే అగ్గిపుల్ల గీయాలి. నిషిద్ధ మండలంలో అగ్గిపుల్ల గీయకూడదు. అందుకని చిన్నబ్బులు రోడ్డు మీదకు వెళ్లి లక్క కరిగించుకుని పరుగెత్తుకొచ్చాడు. వచ్చేలోపు అది గడ్డకట్టింది. మళ్లీ పరుగెత్తాడు. మళ్లీ గడ్డకట్టింది. మూడోసారి అతని వేళ్లు కాలాయిగానీ లక్క మాత్రం అంటలేదు. చివరికి మాచరమ్మకే జాలేసి, గిన్నెలో మిగిలిన బియ్యప్పిండి కాస్త ఇచ్చింది. ఆ పిండితో కాగితం అతికించి, మీద శాఖ ముద్ర కొట్టి, నూకరత్నం పొయ్యిని నూకరత్నం పిండితోనే మూసేశారు.

తర్వాత రాయి చుట్టూ ముగ్గుపిండితో పెద్ద వలయం గీశారు. దానిలో మాచరమ్మ వంటిల్లు పడింది. ఎదురింటి వాళ్ల నీళ్లకాగు పడింది. వీధి మలుపులో టీకొట్టు పడింది. అది కార్తీకమాసం. తులసికోట దగ్గర దీపం పెట్టే ఆడవాళ్లకు, దానికి బదులు బ్యాటరీ లైటు వెలిగించుకోవచ్చని శాఖ సెలవిచ్చింది. వీధి చివరి తాతలు ముగ్గుగీత అంచున నిలబడి, కాళ్లు లోపల ఉంచి, మెడలు బయటకు చాచి చుట్టలు కాల్చుకోసాగారు. మనిషి లోపల ఉండి నోరు బయట ఉంటే ఉల్లంఘన అవుతుందా కాదా అని పరాంకుశం పైఆఫీసుకు రాశాడు. కాళ్లు ఉన్నచోటే మనిషి ఉన్నట్టని జవాబు వచ్చింది. తాతలు అటు తిరిగి, కాళ్లు బయట పెట్టి, లోపలికి వంగి కాల్చడం మొదలెట్టారు.

నూకరత్నం పెరట్లోని మామిడిచెట్టుకు కూడా నోటీసు వచ్చింది. లోతుకు వేళ్లు పోయే చెట్లు గొట్టం మీద పెరగకూడదట. ఆ చెట్టు ఆమె అత్తగారి అత్తగారు నాటింది. శాఖ పుట్టడానికి ముందునుంచీ కాస్తోంది. అనుమతి లేకుండా గొట్టం మీద ఎందుకు మొలిచావో సంజాయిషీ ఇచ్చుకోమని కాగితం దాని మొదలుకు అతికించారు.

“ఏం చెబుద్దో చూద్దాం,” అంది మాచరమ్మ. “మాఘం వత్తే పూతైనా పూయకపోద్దా.”

శాఖది రాతిగుండె అనకూడదు. పొయ్యి పోయినవాళ్ల కోసం ‘జ్వాలారహిత జీవనోపాధి’ అని ఒక శిక్షణ పెట్టింది. పట్నం నుంచి ఒకమ్మాయి కరెంటు పొయ్యి పట్టుకొచ్చింది. నూకరత్నం దాని మీద కుండ బోర్లించి చూసింది. మంట అయితే కుండంతా ఒక్కసారి పాకుతుంది. ఈ వేడి మాత్రం నడిమధ్యన మాడ్చి, అంచులను పచ్చిగా వదిలేసింది. రేకు లేవలేదు. లేచిందల్లా అరచేయంత మందాన లేచింది.

“కొంచెం మందంగా వస్తే నష్టమేముందండీ?” అంది ఆ అమ్మాయి.

“నష్టమేం లేదమ్మా. దాన్ని దిబ్బరొట్టె అంటారు,” అంది నూకరత్నం.

ఈ సంగతి ఆ నోటా ఈ నోటా పడి వ్యాపారికి చేరింది. ఆయన గుమాస్తా సైకిలు మీద వచ్చి, అరుగు దిగువనే ఒక కాలు ఆనించి నిలబడ్డాడు. “నీ పాత చోటు ఖాళీగానే ఉంది నూకరత్నం. ఆయన నీ మీద అభిమానంతో ఆపారు. పెళ్లిళ్ల సరుకు మొదలెట్టేలోగా వత్తే సరే, లేకపోతే ఆ కుండ దగ్గర ఇంకొకత్తిని కూచోబెట్టేత్తారు.”

అతను వెళ్లాక ఆమె మూసిన పొయ్యి ముందు కూర్చుంది. ఆ కుండ వాసన, ఆ గుమాస్తా చూపు, లేవబోయి మళ్లీ కూర్చోవడం, అన్నీ గుర్తొచ్చాయి. మాచరమ్మ మాత్రం, “రాయి మీద నాలుగు బట్టలు బాదినందుకు ఇంత శిచ్చా అక్కా,” అని గొణిగింది.

ఇలా ఉండగా నూకరత్నం ఒకరోజు కాలవగట్టుకు గడ్డికి వెళ్లింది. గట్టు జారినచోట చిన్న మడుగు నిలిచి ఉంది. దాని నడుమన, అన్నం ఉడికేటప్పుడు లేచినట్టు, బుడబుడమని బుడగలు లేస్తున్నాయి. చుట్టూ గడ్డి పండిపోయి ఉంది. ఆమె కొడవలి అక్కడే వదిలేసి చిన్నబ్బులును పిలుచుకొచ్చింది.

అతను చూసి ముఖం తుడుచుకున్నాడు. “వాసనేం లేదు పిన్నీ.”

“వాసన లేకపోతే గ్యాసు కాదా?”

“ఊళ్లో ఇళ్లకి పంపేదానికి వాసన కలుపుతారు. ఈ పెద్ద గొట్టంలో పోయేదానికి ఉండదు.”

“మరి చెప్పు వాళ్లకి.”

“నేను రాయి నుంచి రాయికి నడిచి, దారిలో కనపడింది చెప్పాలి. ఇది నా దారి కాదిప్పుడు. నా దారి మీ పెరట్లోంచి కదా.”

ఆమె బస్సెక్కి పరాంకుశం ఆఫీసుకు వెళ్లింది. ఆయన ఎంతో మర్యాదగా కుర్చీ వేయించి, ఆమె చెప్పిందంతా విని, గోడ మీది తెర దగ్గరకు తీసుకెళ్లాడు.

“చూడండమ్మా. మీరు చెప్పినచోట గొట్టం లేదు. గొట్టం లేనిచోట లీకు ఉండడానికి వీల్లేదు.”

“బుడగలున్నాయండి.”

“నీళ్లలో బుడగలు జలచరాల విషయం. మత్స్యశాఖకు అర్జీ పెట్టుకోండి.”

“చేపలు ఒక్కచోటే కూచుని రోజంతా ఊపిరొదులుతాయా అండి?”

“అది వాళ్లే చెప్పాలి,” అన్నాడు పరాంకుశం. కానీ ఫిర్యాదు వచ్చాక ఊరుకోకూడదని ఆయన శాఖలో రూలు ఉంది. అందుకని మర్నాడే వాయువును పసిగట్టే మీటరుతో మనుషులను పంపాడు. వాళ్లు తెర మీద గొట్టం ఎక్కడుందో అక్కడికే, అంటే నూకరత్నం పెరట్లోకే వచ్చి, బోరు చుట్టూ, బట్టల రాయి చుట్టూ, మామిడిచెట్టు చుట్టూ మీటరు తిప్పారు. అది ఒక్కసారి కూడా కూయలేదు. పొయ్యి మూయించడం వల్లే అంతటి క్షేమం కలిగిందని శాఖ రాసుకుంది.

ఆ క్షేమానికి సంతోషించి, ఆ ఏడాది భద్రతా వారోత్సవాలు మొగలిలంకలోనే జరపాలని నిర్ణయించారు. సభకు గొట్టానికి బాగా దూరంగా ఉన్న చోటు కావాలి. తెర మీద వెతికితే, ఎర్రగీత వంగి ఊళ్లోకి పోయిన భాగంలో కాలవగట్టు పక్కన మైదానం ఒకటి విశాలంగా, నిర్భయంగా కనిపించింది. పందిరి అక్కడే వేశారు. బుడగల మడుగు కనిపిస్తే అందంగా ఉండదని దాని మీద చెక్కబల్లలు పరిచి, పైన ఎర్ర తివాచీ వేశారు. వేదిక దాని మీదే.

సభ రోజు పొద్దున చిన్నబ్బులు ఒక శాలువా పట్టుకుని నూకరత్నం ఇంటికి వచ్చాడు. “నిన్ను సన్మానిత్తారంట పిన్నీ. ఆదర్శ జ్వాలారహిత గృహిణివంట. ఈ శాలువా ముందు తీసుకుని, అక్కడికి పట్టుకొచ్చి, వాళ్లకిచ్చి, మళ్లీ కప్పించుకోవాలంట.”

“కప్పించుకున్నాక ఇంటికి తెచ్చుకోవచ్చా?”

“అది అడగలేదు.”

ఆమె మైదానానికి వెళ్లేసరికి బడిపిల్లలందరినీ వరసగా కూర్చోబెట్టి ఉన్నారు. చేతుల్లో కాగితం జెండాలు. అందరికన్నా ముందు వరసలో మాచరమ్మ మనవరాలు, వేదికకు చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా. వేదిక మీద నిలువెత్తు కుందె, అందులో అయిదు వత్తులు. పందిరి పక్కన, మధ్యాహ్నం భోజనాల కోసం, వంటవాళ్లు గాడిపొయ్యి తవ్వుతున్నారు. పెద్ద గుండిగలు వరసగా ఎక్కాలంటే గాడి పొడుగ్గా, లోతుగా ఉండాలి. గునపం దిగినప్పుడల్లా నేలలోంచి ఆ చప్పుడు నూకరత్నం అరికాళ్లకు తెలిసింది.

పరాంకుశం పూలదండలు సరిచూస్తున్నాడు. ఆమె ఆయన దగ్గరకు పరుగులాంటి నడకతో వెళ్లింది.

“బాబుగారూ, ఆళ్లు గొట్టం మీద తవ్వుతున్నారండి. పొయ్యి కూడా పెడతారంట.”

“ఇంకా పెట్టలేదమ్మా. డైరెక్టరు గారు జ్యోతి వెలిగించాకే వంటపొయ్యి వెలిగించాలని ఉత్తర్వు.”

“ఆ జ్యోతే వద్దంటున్నానండి. పిల్లలున్నారు.”

“ఇక్కడ వెలిగించుకోవచ్చు. తవ్వుకోవచ్చు. ఏ నిషేధమూ లేదు. మీరే చూడండి, ఎక్కడైనా రాయి ఉందా?”

నూకరత్నం చుట్టూ చూసింది. లేదు.

“ఉంటేనో అండి?”

“రాయి ఉంటే,” అని పరాంకుశం చాలా గంభీరంగా నిలబడ్డాడు, “ఆ దేవుడే దిగొచ్చినా ఒక్క అగ్గిపుల్ల గీయనిస్తానా?”

ఆమె శాలువా ఆయన చేతిలోనే పెట్టి ఇంటి దారి పట్టింది.

మాచరమ్మ తలదువ్వుకుంటూ గుమ్మంలో ఎదురైంది. “సన్మానం అప్పుడే అయిపోయిందా?”

“మోకు తియ్యి.”

“దేనికి?”

“రాయికి. దున్నపోతుని విప్పు.”

మాచరమ్మ దువ్వెన నోట్లో పెట్టుకుని రాయి వంక చూసింది. “కదిపితే జైలన్నాడు కదక్కా ఆయన.”

“జైల్లో అయినా పొయ్యుంటాది. నీ మనవరాలు ముందు వరసలో కూచుంది, కదులు.”

ఇక మాచరమ్మ అడగలేదు. రాయి ఎంతోకాలం సబ్బునీళ్లు తాగి నేలలో బాగా బిగుసుకుపోయి ఉంది. ఇద్దరూ పలుగు వేసి కుదిపి, మోకు బిగించి, దున్నపోతును అదిలించారు. అది మొదట రాయి వంక, తర్వాత వీళ్ల వంక చూసి, ఇలాంటి పని తనకు ఇది రెండోసారని గుర్తొచ్చినట్టు తల దించుకుని నడిచింది.

పందిట్లో అప్పటికి డైరెక్టరు విశ్వంభరరావు గారు వెలిగించని కొవ్వొత్తి ఒక చేత్తో, మైకు ఒక చేత్తో పట్టుకుని మాట్లాడుతున్నారు. “భద్రత అనేది ఒక భావన. ఆ భావనను క్షేత్రస్థాయిలో అంతర్లీనం చేసిన ఘనత...” అనేసరికి తివాచీ మీదుగా దున్నపోతు వచ్చింది. దాని వెనక రాయి వచ్చింది. దాని వెనక జుట్టు సగమే దువ్వుకున్న మాచరమ్మా, చెమటలు కక్కుతూ నూకరత్నమూ వచ్చారు. పిల్లలు జెండాలు ఊపారు. ఇది కూడా కార్యక్రమంలో భాగమే అనుకుని ముందువరస పెద్దలు చప్పట్లు కొట్టారు.

నూకరత్నం వేదిక ముందు మోకు విప్పి, వంటవాళ్లు తవ్విన మట్టిలో రాయిని నిలబెట్టింది. ఎర్ర అక్షరాలు జనం వైపు తిప్పింది. ప్రమాదం. అధిక పీడన గ్యాసు గొట్టం. ఇక్కడ తవ్వరాదు. నిప్పు పెట్టరాదు.

ముందుగా కదిలింది చిన్నబ్బులు. అతను జేబులోంచి యంత్రం తీసి, రాయి పక్కన నిలబడి, పై అధికారులు అందరూ చూస్తుండగా మీట నొక్కాడు. రాయి కనిపిస్తే నొక్కాలి. అతని ఉద్యోగం అది.

ఒక్క నిమిషం గడిచిందో లేదో డైరెక్టరు గారి ఫోను మోగింది. మైకు పట్టిన చేత్తోనే దాన్ని ఎత్తడం వల్ల పట్నం ఆఫీసు వాళ్ల మాట పందిరంతా వినిపించింది. “సార్, అత్యవసరం. గొట్టం మీ వేదిక కిందకి వచ్చింది సార్. మీరు దయచేసి ఏమీ వెలిగించకండి.”

విశ్వంభరరావు గారు చేతిలోని కొవ్వొత్తిని, అది తనంతట తాను వెలుగుతుందేమోనన్నట్టు, దూరంగా పట్టుకున్నారు. అగ్గిపెట్టె అందివ్వబోతున్న పరాంకుశం దాన్ని కాలవలోకి విసిరేశాడు. ఆ తర్వాత శాఖ ఎంత చురుకైనదో మొగలిలంక మొదటిసారి చూసింది. పిల్లలను లేపి ఊళ్లోకి నడిపించారు. గునపాలు లాక్కున్నారు. గొట్టం ఉన్నచోట మీటరు తిప్పాలని రూలు కాబట్టి మీటరు తెచ్చారు. తివాచీ దాకా రాకముందే అది గొంతు చించుకుని కూసింది. చెక్కబల్లలు ఎత్తి చూస్తే మడుగు కుతకుతలాడుతోంది. డైరెక్టరు గారు ఎవరి కుర్చీయో చూసుకోకుండా కూలబడి, మజ్జిగ ఉందా అని అడిగారు.

ఎగువన గ్యాసు ఆపేశారు. తర్వాతి రోజుల్లో తవ్వి చూస్తే, గట్టు జారినచోట గొట్టానికి తుప్పు పట్టి బెజ్జం పడి ఉంది. బాగు చేశారు. ఊరంతా వెళ్లి చూసొచ్చింది.

ఇక మిగిలింది నివేదిక. దాని దగ్గర శాఖ కొంచెం ఇబ్బంది పడింది. ఇద్దరాడవాళ్లు రాయి కదిపారని రాస్తే, రాయి కదులుతుందని ఒప్పుకోవాలి. గొట్టం మొదటినుంచీ గట్టు కిందే ఉందని రాస్తే, ఇన్నాళ్లూ శాఖ కాపలా కాసింది బట్టలుతికే బండకని ఒప్పుకోవాలి. బాగా ఆలోచించి, రెండూ కాకుండా మూడోది రాశారు. జనావాసాల మధ్య ఉన్న అధిక పీడన గొట్టాన్ని శాఖ, ఒక్క అడుగు నేల తవ్వకుండా, ఒక్క చుక్క ఇంధనం కాల్చకుండా, స్థానిక సంప్రదాయ పరిజ్ఞానంతో, ఒక్క పూటలో సురక్షిత ప్రాంతానికి తరలించింది. పరాంకుశానికి పతకం వచ్చింది. దున్నపోతు పేరు నివేదికలో ‘స్థానిక వనరు’ అని పడింది.

పతకం వచ్చిన వారంలోనే ఆయన పొయ్యి సీలు విప్పడానికి వచ్చాడు. చూస్తే సీలు లేదు. బియ్యప్పిండి కదా, కోళ్లు ఎప్పుడో పొడుచుకు తినేశాయి. కాగితం గాలికి పోయింది.

“లేని సీలు విప్పినట్టు ఎలా రాయను?” అని ఆయన నిజంగానే బాధపడ్డాడు. “అమ్మా, కాస్త పిండి ఉంటుందా?”

నూకరత్నం పిండి ఇచ్చింది. ఆయన కొత్త కాగితం అతికించి, అది ఆరేదాకా నిలబడి, తర్వాత పద్ధతి ప్రకారం చించేశాడు. ఆమె ఆ కాగితం ముక్కనే కొబ్బరాకుల కింద పెట్టి అగ్గిపుల్ల గీసింది. మంట కుండ కింద ఒక్కసారిగా పాకింది. గుమాస్తా సైకిలు అప్పుడే వీధి మలుపు తిరిగి, పాక మీద పొగ చూసి, ఆగకుండానే వెనక్కి తిరిగిపోయింది.

మొదటి రేకు ఎప్పుడూ ఇంటిదే. రెండోది మాచరమ్మ చుట్టి ఆయన చేతిలో పెట్టింది. ఆయన ఈసారి అరుగు మీద కూర్చున్నాడు. తిన్నాడు. లేవలేదు. ఇంకోటి తిన్నాడు.

“అమ్మా,” అన్నాడు గొంతు తగ్గించి. “మీ దున్నపోతు ఖాళీగా ఉందా?”

“దేనికండి?”

“పట్నంలో నేనొక స్థలం కొనుక్కున్నాను. ఇల్లు మొదలెడదామనుకుంటే మూలలో పసుప్పచ్చ రాయి బయటపడింది. వంటిల్లు కట్టుకోకూడదు. దేవుడి దగ్గర దీపం పెట్టకూడదు. మా ఆవిడ పుట్టింటికి పోయింది. రాయి ఒక్కటేనమ్మా, దాని కింద గొట్టం ఉండదనే అనుకుంటున్నాను.”

మాచరమ్మ నోట్లో కొంగు కుక్కుకుని కుండ చాటుకు పోయింది.

“తవ్వి చూశారా అండి?” అంది నూకరత్నం, గుడ్డ పాలలో ముంచుతూ.

“రాయి ఉన్నచోట తవ్వకూడదు కదమ్మా.”

“చూడకుండా మాత్రం నేను కదపనండి. కింద నిజంగా ఉంటే పదిళ్లు పోతాయి. గునపం ఇత్తాను, తవ్వి చూసుకోండి. లేదని తేలితే అప్పుడు దున్నపోతుని పంపుతాను.”

“తవ్వాలంటే అనుమతి ఉండాలి.”

“ఎవరివ్వాలండి?”

“నేనే,” అన్నాడు పరాంకుశం.

“మరి ఇచ్చుకోండి.”

“దరఖాస్తు లేకుండా ఎలా ఇస్తాను?”

ఆయన చొక్కా జేబులోంచి కాగితం తీసి, అరుగు మీద కుదురుగా కూర్చుని, గౌరవనీయులైన ప్రాంతీయ భద్రతాధికారి గారి సముఖానికి అని మొదలుపెట్టి, తన గోడు అంతా రాశాడు. కింద సంతకం పెట్టాడు. కుడిచేతిలోంచి ఎడమచేతిలోకి తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పి చదివాడు. కనుబొమలు ముడిచాడు. నాలుగు మడతలు పెట్టి, పై జేబులో వేసుకుని లేచాడు.

“పరిశీలిస్తాం,” అన్నాడు.